వానొస్తే ఆగే బండి

"బామ్మర్దీ, బండి మళ్ల ఆగింది. పాకాల అడవిల ఉన్నం. లైట్లు సుత పోయినయ్. పెద్దాయన ఎనక సీట్ల ఉన్నడు."

2025 జులైలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు నా ఫోన్‌లో మోగిన వాయిస్ మెసేజ్ ఇది. బావ పంపింది ఎనిమిది దాటాక. నర్సంపేట నుంచి కొత్తగూడకు అడవిలోంచి వచ్చే ఆ రోడ్డు మీద సిగ్నల్ తన ఇష్టం వచ్చినప్పుడు వస్తుంది, పోతుంది. నేను కంగారుగా ఫోన్ చేసేసరికి వాళ్లు ఇల్లు చేరి అన్నం తింటున్నారు. అరగంట ఆగాక బండి దానంతట అదే స్టార్ట్ అయిందట.

దానంతట అదే బాగయ్యే బండి అంటే నాకు భయం. పూర్తిగా చచ్చిన బండిని బాగు చేయడం సులువు. చెడిపోయి, మనం చూసే టైమ్‌కు బుద్ధిగా నడిచే బండితోనే గోస.

బావకు కొత్తగూడలో ఒక ఏడు సీట్ల డీజిల్ కారు ఉంది. కిరాయికి తిప్పుతాడు. గుంజేడు ముసలమ్మ దగ్గరికి మొక్కులు, నర్సంపేటకు ఆస్పత్రి పనులు, మేడారం జాతర వస్తే నిద్ర లేని వారం. వీటన్నిటి కంటే ఖాయంగా ఉండే కిరాయి ఒకటుంది. ఊళ్లో ఒక పెద్దాయనను వారానికి రెండుసార్లు వరంగల్‌కు డయాలసిస్‌కు తీసుకెళ్లాలి. పొద్దున చీకటితో పోతే తిరిగొచ్చేసరికి రాత్రి. డయాలసిస్ అయిన మనిషి ఎంత నీరసంగా ఉంటాడో ఇంట్లో చూసినవాళ్లకు తెలుసు. అలాంటాయన చుట్టూ చిమ్మచీకటి, పైన వాన, లైట్లు వెలగని కారులో అరగంట కూర్చున్నాడు.

"ఇంకొక్కసారి ఇట్లయితే వేరే బండి చూసుకుంటమన్నరు ఆయన కొడుకులు. తప్పేం లేదు వాళ్లది" అన్నాడు బావ.

అది మొదటిసారి కాదు, నాలుగోసారి. ప్రతిసారీ ఒకటే వరస. మీటర్ బోర్డులో ఏబీఎస్, స్టీరింగ్, ఎయిర్‌బ్యాగ్, ఇంజిన్ లైట్లన్నీ ఒక్కసారి పండుగ లెక్క వెలుగుతాయి. స్పీడ్ ముల్లు సున్నాకు పడుతుంది. హెడ్‌లైట్లు ఆరిపోతాయి. భయపడి బండి పక్కకు ఆపి కీ తిప్పితే సెల్ఫ్ కూడా కొట్టదు. కొంచెంసేపయ్యాక ఏమీ జరగనట్టే స్టార్ట్ అవుతుంది.

ఇంతకుముందు చేసిన వైద్యం గురించి కూడా చెప్పాలి. మొదట బ్యాటరీ మార్చారు. 7,200 రూపాయలు. ఆ సలహా ఇచ్చింది నేనే. ఫోన్‌లో సగం విని "బ్యాటరీ పాతదైంది కదా బావా, మార్చేయ్" అన్నాను. కార్ల వైరింగ్ పని చేసుకుని బతికేవాణ్ని, చూడకుండా చెప్పాను. రెండోసారి ఒక షాపులో స్కానర్ పెట్టి, ఏబీఎస్ కోడ్ కనిపించగానే ఏబీఎస్ యూనిట్ మార్చారు. వాడినది దొరికింది కాబట్టి 11 వేలతో పోయింది. మూడోసారి ఇంకో షాపులో ఇంజిన్ కంప్యూటర్, అంటే ఈసీఎం పోయిందన్నారు. 38 వేలు, ప్రోగ్రామింగ్ అదనం.

"ఈ నెల కిస్తీ ఆపి అన్న ఏపిస్త" అన్నాడు బావ.

"ఆదివారం నేనొస్త. అప్పటిదాకా ఎవ్వరినీ చెయ్యి పెట్టనియ్యకు. కోడ్లు సుత చెరపనియ్యకు" అన్నాను.

ఆ రెండో మాట ఎందుకన్నానో చెప్తాను. ఈ రోజుల్లో కారు ఒక్క యంత్రం కాదు. ఇంజిన్‌కు ఒక చిన్న కంప్యూటర్, బ్రేకులకు ఒకటి, స్టీరింగ్‌కు ఒకటి, ఎయిర్‌బ్యాగులకు ఒకటి, లైట్లు-తాళాలు-వైపర్లు చూసుకునే బాడీ కంట్రోల్ మాడ్యూల్ ఒకటి, మీటర్ బోర్డు ఇంకొకటి. ఇవన్నీ ఒకదానితో ఒకటి మాట్లాడుకునేది రెండు మెలిపెట్టిన వైర్ల మీద. దాని పేరు క్యాన్. జర్మనీలోని బాష్ కంపెనీ 1986లో బయటపెట్టిన పద్ధతి. అది లేకపోతే ప్రతి స్విచ్చు నుంచి ప్రతి బల్బుకు విడివిడిగా వైరు లాగాలి. కారులో సీట్లకు బదులు వైర్లే ఉండేవి.

ఈ కంప్యూటర్లు తమకు తేడాగా అనిపించిందాన్ని కోడ్ రూపంలో రాసిపెట్టుకుంటాయి. స్టీరింగ్ కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌కు స్కానర్ పెడితే ఆ కోడ్లు బయటికొస్తాయి. చాలా కోడ్లతో పాటు ఒక ఫొటో లాంటిది కూడా ఉంటుంది. తప్పు జరిగిన క్షణంలో ఇంజిన్ ఎంత స్పీడులో ఉంది, వేడి ఎంత, వోల్టేజ్ ఎంత అన్నది దాచి ఉంచుతుంది. దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. షాపువాళ్లు మొదట చేసే పని ఏంటంటే కోడ్లు చెరిపేసి "మళ్లీ వస్తే చూద్దాం" అనడం. కోడ్‌తో పాటు ఆ ఫొటో కూడా పోతుంది. దొంగతనం జరిగిన ఇంట్లో పోలీసులు రాకముందే నేల తుడిచినట్టు. మీరు చేయాల్సింది సింపుల్. చెరిపే ముందు స్కానర్ స్క్రీన్‌ను మీ ఫోన్‌తో ఫొటో తీసుకోండి. మీటర్ బోర్డు మీద లైట్లు వెలిగినప్పుడు పక్కనున్నవాళ్లను వీడియో తీయమనండి.

ఆదివారం పొద్దున్నే బైక్ మీద కొత్తగూడ పోయాను. బావ ఇంటి ముందు వేపచెట్టు కింద బండి ఉంది. అక్క చాయ్ ఇచ్చింది. నేను బోనెట్ ఎత్తలేదు. ముందు బావను కూర్చోబెట్టి అడిగాను. నాలుగుసార్లు ఆగినప్పుడు ఏం జరుగుతోంది? ఎక్కడ? ఎన్ని గంటలకు? ఏమేం ఆన్‌లో ఉన్నాయి?

"ఏముంది, నాలుగుసార్లు వానే. వానొస్తేనే ఆగుతది. యాడనో నీళ్లు పోతున్నయ్."

"మరి పోయిన మంగళవారం పొద్దంతా వాన పడ్డది కదా, అప్పుడు ఆగిందా?"

కాసేపు ఆలోచించాడు. "లేదు. ఆ రోజు ఒక్కన్నే ఉన్న. డీజిల్ ఏపిచ్చుకొని వచ్చిన, గంతే."

ఆగిన నాలుగుసార్లూ బండి నిండా మనుషులున్నారు. వాన వల్ల అద్దాలు ఎత్తి ఉన్నాయి. నిండా మనుషులు, మూసిన అద్దాలు అంటే ముందు అద్దం మీద ఆవిరి పడుతుంది. ఆవిరి పోవాలంటే ఏం చేస్తాం? బ్లోయర్ ఫుల్లుగా పెడతాం. మామూలు రోజుల్లో బావ ఏసీ జోలికే పోడు, డీజిల్ తాగుతదని. ఎండాకాలంలో కూడా అద్దాలు దించుకునే తిప్పాడు. అంటే బండి ఆగడానికి వాన కారణం కాకపోవచ్చు, బ్లోయర్ కారణం కావచ్చు. ఇది ఇంకా అనుమానమే. కానీ పానా పట్టకముందే చేతికి దొరికిన అనుమానం.

తర్వాత మీటర్ తీశాను. బ్యాటరీ 12.6 వోల్టులు, నిండుగా ఉంది. సెల్ఫ్ కొట్టినప్పుడు 10.4కు దిగింది. 9.6 కంటే కిందికి పోనంతవరకు ఫర్వాలేదు. ఇంజిన్ నడుస్తుంటే 13.9. ఛార్జింగ్ బాగుంది. నా మాట విని బావ పెట్టిన 7,200 రూపాయలు నా మొహం మీద రాసి ఉన్నట్టు అనిపించింది.

స్కానర్ పెట్టాను. ఇంజిన్ కంప్యూటర్‌లో రెండు కోడ్లు: యూ0140, యూ0155. బాడీ మాడ్యూల్ మాట వినిపించడం లేదు, మీటర్ బోర్డు మాట వినిపించడం లేదు అని వాటి అర్థం. మీటర్ బోర్డును అడిగితే యూ0100, యూ0121. ఇంజిన్ కంప్యూటర్ మాట వినిపించడం లేదు, ఏబీఎస్ మాట వినిపించడం లేదు.

ఇక్కడే రెండు షాపులవాళ్లూ తప్పుదారి పట్టారు. ఏబీఎస్ పేరు కనబడింది కాబట్టి ఏబీఎస్ మార్చారు. ఇంజిన్ కంప్యూటర్ పేరు కనబడింది కాబట్టి దాన్ని మార్చుదామన్నారు. కోడ్‌లో పేరున్నవాడు దోషి కాదు. "వాడు నాకు పలకట్లేదు" అని ఒకడు ఇచ్చిన ఫిర్యాదు అది. పలకనివాడి నోరు పోయిందా, విననివాడి చెవి పోయిందా, మధ్యలో దారి తెగిందా అన్నది ఫిర్యాదు కాగితం చెప్పదు. ఇంజిన్, ఏబీఎస్ ఒకవైపు, మీటర్ బోర్డు, బాడీ మాడ్యూల్ ఇంకోవైపు. వీళ్లిద్దరూ వాళ్లను, వాళ్లిద్దరూ వీళ్లను అంటున్నారు. నాలుగు డబ్బాలు ఒకేసారి చెడిపోవు. ఏదో ఉమ్మడిది చెడిపోయింది.

ఉమ్మడివి మూడే: క్యాన్ వైర్లు, కరెంటు వచ్చే దారి, కరెంటు తిరిగి పోయే దారి.

క్యాన్ వైర్లను చూడటం రెండు నిమిషాల పని. బ్యాటరీ విప్పేసి, 16 పిన్నుల సాకెట్‌లో 6, 14 పిన్నుల మధ్య ఓమ్స్ కొలవాలి. ఈ వైర్ల జంటకు రెండు చివర్లా చెరో 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉంటుంది. రెండూ కలిసి 60 చూపించాలి. 120 చూపిస్తే ఎక్కడో వైరు తెగినట్టు. సున్నా దగ్గర చూపిస్తే రెండూ అంటుకున్నట్టు. బావ బండి 60.3 చూపించింది. దారి బాగుంది. ఫ్యూజులన్నీ చూశాను, బ్లోయర్ నడుస్తుండగానే. అవీ బాగున్నాయి.

మిగిలింది తిరుగు దారి. మన మెకానిక్కుల భాషలో ఎర్త్.

కారులో ప్రతిదానికీ బ్యాటరీ ప్లస్ నుంచి వైరు వస్తుంది, మైనస్ మాత్రం బాడీ రేకు మీదుగా తిరిగి పోతుంది. నాలుగైదు మాడ్యూళ్ల నల్ల వైర్లను ఒక లగ్గుకు చేర్చి, ఒక బోల్టుతో రేకుకు బిగిస్తారు. మొత్తం భారం ఆ బోల్టు మీద. వైరింగ్ డయాగ్రాం చూస్తే డ్రైవర్ కాళ్ల పక్కన, ప్లాస్టిక్ పలక వెనక అలాంటి బోల్టు ఒకటి ఉంది. దాని మీద మీటర్ బోర్డు, బాడీ మాడ్యూల్, బ్లోయర్ మోటార్ మూడూ ఉన్నాయి.

పలక ఊడదీసి ముందు అందరూ చేసే పనే చేసి చూపించాను. అన్నీ ఆపేసి లగ్గుకూ రేకుకూ మధ్య ఓమ్స్ కొలిచాను. 0.4. "జీరోనే కదా, బాగనే ఉన్నట్టు" అన్నాడు బావ. మీటర్ వైర్లు రెండూ ఒకదానికొకటి తాకిస్తేనే 0.2 చూపిస్తుంది. మిగిలింది 0.2 ఓమ్. ఏ షాపులోనైనా దీన్ని చూసి సరే అనేస్తారు.

బావకు పొలం ఉంది, బోరుంది. అందుకే అతనికి అర్థమయ్యే మాట అడిగాను. "మోటార్ లేవకపోతే స్టార్టర్ దగ్గర టెస్టర్ పెడ్తవు కదా. టెస్టర్ వెలుగుతది. మరి మోటార్ ఎందుకు లేవది?"

"జాయింట్ లూజ్ ఉంటే కరెంటు చూపిస్తది గని లోడ్ గుంజదు" అన్నాడు వెంటనే.

అంతే. టెస్టర్‌కు చిటికెడు కరెంటు చాలు, చెడ్డ జాయింట్ కూడా దాన్ని దాటనిస్తుంది. మోటార్ గుంజినప్పుడే జాయింట్ బండారం బయటపడుతుంది. కారులో కూడా అందుకే వోల్టేజ్ డ్రాప్ చూడాలి, అదీ లోడ్ మీద. మీటర్ వోల్టుల్లో పెట్టి, ఒక వైరు బ్యాటరీ మైనస్ మీద, ఇంకోటి ఆ లగ్గు మీద. బండి స్టార్ట్ చేశాం. బ్లోయర్ ఆఫ్‌లో 0.2 వోల్టు. బ్లోయర్ నాలుగు మీద పెట్టమన్నాను.

3.1 వోల్టులు.

అక్కడ ఉండాల్సింది 0.1 లోపు. లెక్క కూడా సరిపోయింది. బ్లోయర్ దగ్గర దగ్గర 15 ఆంపియర్లు గుంజుతుంది. 15ను 0.2తో గుణిస్తే 3. లగ్గును వేలితో కొంచెం కదిపాను. మీటర్ 5 దాటింది. మీటర్ బోర్డు మీద లైట్లన్నీ ఒక్కసారి పండుగ చేసుకున్నాయి. స్పీడ్ ముల్లు వణికింది. బావ సీట్లోంచి దాదాపు దూకాడు. "గిదే! గిదే అయ్యింది అడవిల!"

లోపల జరిగింది ఇది. క్యాన్ వైర్ల మీద మాటలు చాలా చిన్న వోల్టేజీలతో నడుస్తాయి. మాట లేనప్పుడు రెండు వైర్లూ 2.5 దగ్గర ఉంటాయి. మాట్లాడేటప్పుడు ఒకటి 3.5కు ఎక్కుతుంది, ఇంకోటి 1.5కు దిగుతుంది. ఇవన్నీ ఎర్త్ సున్నా అనుకుని కొలిచే లెక్కలు. బాడీ మాడ్యూల్, మీటర్ బోర్డు నిలబడ్డ నేలే మూడు నుంచి ఐదు వోల్టులు పైకి లేచిపోతే, వాటి మాట ఇంజిన్‌కు, ఏబీఎస్‌కు అర్థమయ్యే హద్దు దాటిపోతుంది. వాళ్ల మాట వీటికీ అర్థం కాదు. హెడ్‌లైట్లు నడిపించేది బాడీ మాడ్యూలే, అది తడబడితే లైట్లు పోయాయి. కీ అసలుదేనని ఇంజిన్‌కు చెప్పాల్సిందీ అదే. ఆ మాట అందక సెల్ఫ్ కొట్టలేదు. మరి అరగంటకు ఎందుకు లేచింది? సెల్ఫ్ కొట్టని బండిలో బావ ఏం చేస్తాడు, బ్లోయర్ కట్టేసి కూర్చుంటాడు. వేడెక్కిన జాయింట్ చల్లబడి మళ్లీ కొంచెం కుదురుకుంటుంది.

పది నంబర్ పానాతో బోల్టు విప్పాను. లగ్గు కింద పచ్చటి చిలుము, దాని చుట్టూ తుప్పు, రంగు కింద రేకు పొరలుగా లేచి ఉంది. పక్కన కార్పెట్ ఎత్తితే మురిగిన బురద వాసన. కింద ఫోమ్ ఇంకా చెమ్మగానే ఉంది.

"బావా, ఈ బండి ఎప్పుడన్న నీళ్లల్ల మునిగిందా?"

మునగలేదన్నాడు. అక్క లోపల్నుంచి అరిచింది. "మానుకోటల మా చిన్నమ్మోళ్ల ఇంటికాడ? నిరుడు? మర్చిపోయినవా?"

2024 ఆగస్టు 31 రాత్రి, సెప్టెంబర్ 1 మహబూబాబాద్ జిల్లాలో ఉన్నవాళ్లెవరూ మర్చిపోరు. కేసముద్రం, ఇంటికన్నె మధ్య రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయి, పట్టాలు గాల్లో వేలాడిన వాన అది. ఆ రాత్రి బండి మానుకోటలో చుట్టాలింటి ముందు తలుపుల అంచుదాకా నీళ్లలో నిలబడింది. లోపల పెడళ్ల దాకా వచ్చాయట. తెల్లారి స్టార్ట్ అయింది. కడిగించి, సీట్లు ఎండబెట్టి, రెండు రోజులకు కిరాయికి తీశాడు. కార్పెట్ ఎవరూ ఎత్తలేదు. పది నెలలు ఆ బోల్టు కింద చిలుము నిమ్మళంగా పెరిగింది.

ఎమరీ పేపర్‌తో రేకు తెల్లగా మెరిసేదాకా గీకాను. పాత లగ్గు కోసేసి కొత్తది గట్టిగా క్రింప్ చేసి బిగించాను. బిగించాక పైన గ్రీజు పూశాను. ముందు పూస్తే రేకుకూ లగ్గుకూ మధ్య అదొక అడ్డం. బ్లోయర్ నాలుగు మీద మళ్లీ కొలిస్తే 0.04. లగ్గు ధర ఇరవై రూపాయలు. కార్పెట్ మొత్తం పీకి గోడ మీద ఎండేశాం, దాన్ని చూసి కోళ్లు పారిపోయాయి.

మీలో చాలామంది ఫోన్‌కు బ్లూటూత్‌తో కలిసే చిన్న స్కానర్ కొనుక్కుంటున్నారని తెలుసు. మంచిదే, కొనండి. కానీ దానితో పాటు ఒక మామూలు మల్టీమీటర్ కూడా కొనండి. నా బ్యాగులో రెంటిలో ఒకటే పెట్టుకోవాలంటే మీటరే పెట్టుకుంటాను. కొన్నిటి జోలికి మాత్రం పోవద్దు. పసుపు రంగు కప్లర్లు ఎయిర్‌బ్యాగువి, వాటిలో మీటర్ పుల్లలు పెట్టకండి. హైబ్రిడ్, ఎలక్ట్రిక్ బండ్లలో నారింజ రంగు వైర్లు ప్రాణం తీసే వోల్టేజీవి. పాతకాలం బల్బు టెస్టర్‌ను సెన్సర్ వైర్లకు గుచ్చకండి, అది గుంజే కరెంటుకు లోపలి సర్క్యూట్ కాలిపోవచ్చు.

సెకండ్ హ్యాండ్ బండి చూసేవాళ్లకు ఇంకో మాట. ఆ వానల తర్వాత కడిగి, పాలిష్ కొట్టి అమ్మిన బండ్లు తిరుగుతూనే ఉంటాయి. సీట్ బెల్టును చివరిదాకా లాగి చూడండి, బురద గీత అక్కడ దాక్కుంటుంది. సీట్ల కింద పట్టాలకు తుప్పు ఉందేమో చూడండి. వీలైతే ఒక మూల కార్పెట్ ఎత్తి వాసన చూడండి. అమ్మేవాడు మొహం చిట్లిస్తే చిట్లించనీయండి.

మంగళవారం పెద్దాయన డయాలసిస్. ఆ రోజూ వానే. నేను హనుమకొండలో పనిలో ఉన్నాను గానీ మనసంతా పాకాల రోడ్డు మీదే ఉంది. బ్లోయర్ నాలుగు మీదే పెట్టి రమ్మని బావకు చెప్పాను. రాత్రి ఎనిమిదీ నలభైకి ఫోన్ వచ్చింది.

"వచ్చినం. పెద్దాయన చలి పెడ్తుంది బంద్ చెయ్యిరా అని తిట్టిండు, నేను చెయ్యలే."

కొన్న ఏబీఎస్ యూనిట్ బండిలోనే ఉంది, పాతది బావ ఇంట్లో బీరువా మీద పాలిథిన్ కవర్లో ఉంది. అది కూడా బాగానే ఉండుంటుంది. అమ్మితే ఎంతొస్తుందని బావ అడుగుతున్నాడు. బ్యాటరీ డబ్బుల సంగతి మాత్రం ఇంతవరకు ఎత్తలేదు. దసరాకు అక్క ఎత్తుతుంది.